వెనుదిరిగిన పాదములు

భగవంతుడు సర్వవ్యాపి. ఇంట వెలిగించిన దీపమునందును, తులసికోట మట్టియందును ఆయన కలడు. అట్టి స్వామిని చూచుటకు కొండలు, కనుమలు దాటి కాలినడకన పోవలసిన పని యేమి అని ప్రశ్నించువారు కలరు. ప్రశ్న సహేతుకమే. పెద్దలు దానికి సులభమైన సమాధానమే చెప్పుదురు. స్వామి ఎన్నడును దూరముగా లేడు. జీవుడే 'నేను, నాది' అను గోడ కట్టుకొని దూరమైనాడు. ఒక్కొక్క అడుగునకు ఆ గోడ నుండి ఒక్కొక్క ఇటుక రాలవలయును. కాళ్ళు ఎంత దూరము నడచినను ఆ గోడ కదలక నిలిచియున్నచో అది ప్రయాణమగును గాని యాత్ర యనిపించుకొనదు.

గోడ కదలినదో లేదో తెలియుటకు గుర్తేమి? అది క్షేత్రమునకు చేరిన పిదప తెలియునది కాదు. దారిలో, ఒక్క దినపు నడకలోనే తెలియును.

నల్లమలకు, వెలికొండలకు నడుమ బేస్తవారిపేట కలదు. బేస్తవారమనగా గురువారము, బృహస్పతివారమను మాట జనుల నోట అట్లు మారినది. గురువు వారమును తన పేరులో వినిపించు ఆ ఊరి చుట్టును హరిక్షేత్రముల దారులు కలవు. ఈశాన్యమున మార్కాపురమున శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామి వేంచేసి యున్నాడు. నైరృతి దిక్కుగా గిద్దలూరు దాటి, దిగువమెట్ట కడ నల్లమల కనుమనెక్కి, నంద్యాల సీమకు దిగి, ఆళ్ళగడ్డ మీదుగా సాగినచో అహోబల నారసింహుని సన్నిధి. దక్షిణమున అనేక దినముల నడకకు తిరుమల. సమీపముననే కంభము చెరువు కలదు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి విజయనగర కాలమున నిర్మించిన ఆ చెరువును, గజపతుల ఆడపడుచును శ్రీకృష్ణదేవరాయల దేవియు నగు రాణి కట్టించెనని జనశ్రుతి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ అచ్చట నుండి తూర్పునకు సాగి బంగాళాఖాతమున కలియును.

ఇట్టి సీమలో ఒక ఇంట పాదయాత్రకు సంకల్పము జరిగినదనుకొందము. మూటలు కట్టుటకు ముందే ఒక మాట వచ్చును. ఎవరు పోవలయును, ఎవరు ఉండవలయును? గేదెకు కుడితి ఎవరు పెట్టుదురు? మంచమున నున్న మామగారికి గంజి ఎవరు పోయుదురు? బడికి పోవు పిల్లలను ఎవరు చూచుకొందురు? చివరకు ఒక కోడలో, ఒక అవ్వయో నిలిచిపోవును. వాకిట నిలిచి సాగనంపునప్పుడు ఆమె కంట తిరిగిన నీటిని ఎవరును గమనింపరు.

గుంపు వేకువనే గోవింద నామముతో బయలుదేరును. తొలి క్రోసు అందరును కలిసి నడతురు. ప్రొద్దెక్కిన కొలది గుంపు సాగి దారమువలె పలుచనగును. యువకులు ముందు, పిల్లల తల్లులు నడుమ, వృద్ధులు చివర. ఈ పశ్చిమ ప్రకాశ సీమలో, అందును కనిగిరి ప్రాంతమున, త్రాగునీటిలోని ఫ్లోరైడు ఎముకలకు పట్టి, ముదిమి రాకమునుపే నడుము వంగి, మోకాళ్ళు బిగిసిన వారెందరో కలరు. గోవిందుని చూడవలెనను కోరిక వారికి ఇతరులకంటె తక్కువ కాదు. కోరిక ముందు నడచును, కాళ్ళు వెనుకబడును. ముందు పోయినవారు సాయంకాలమునకు విడిది చేరి, స్నానము చేసి, విస్తళ్ళ ముందు కూర్చుండు వేళకు చివరివారు ఇంకను దారిలోనే యుందురు. అప్పుడు ముందు చేరినవారు ఏమి చేయవలయును? ఎవరి పుణ్యము వారిదని భుజించి నిద్రింపవచ్చునా?

ఈ ప్రశ్నకు 500 సంవత్సరములకు పూర్వము, తెలుగునాట, సముద్రతీరపు దారిలో ఒక మహనీయులు తమ పాదములతోనే సమాధానము చెప్పిరి.

కడలి వెంట నడక

శ్రీకృష్ణ చైతన్య మహాప్రభువులు 1486లో వంగదేశమున నవద్వీపమందు అవతరించిరి. 1510లో, 24 ఏండ్ల ప్రాయమున, కట్వా గ్రామమున కేశవభారతి వలన సన్న్యాసము స్వీకరించి పూరీ క్షేత్రమునకు చేరిరి. ఆ సంవత్సరమే వైశాఖమున దక్షిణదేశ యాత్రకు కదలిరి. తమకంటె ముందు సన్న్యసించి పోయిన అన్న విశ్వరూపుని వెదకుటకై పోవుచున్నామని భక్తులకు చెప్పిరి. ఈ యాత్రను కృష్ణదాస కవిరాజు తాను వంగభాషలో రచించిన చైతన్యచరితామృతమున మధ్యలీలయందు వర్ణించెను.

మహాప్రభువులు ఒంటరిగా పోవ నిశ్చయించిరి. నిత్యానందులు అందుకు ఒప్పుకొనలేదు. ప్రభువుల రెండు చేతులును నామసంఖ్యను లెక్కించుటకే చాలవు. కౌపీనమును, పైవస్త్రమును, నీటిపాత్రను ఎవరు మోయుదురు? ఇట్లు నచ్చజెప్పి కృష్ణదాసుడను సాధుబ్రాహ్మణుని వెంట పంపిరి. రెండు సంవత్సరములు పట్టిన యాత్రకు వారి సామాను అంతమాత్రమే.

పూరీ నుండి శ్రీకాకుళము సమీపముననున్న శ్రీకూర్మ క్షేత్రము 250 కిలోమీటర్లకు పైబడిన దూరము. రైలులో నేడది ఒక పూట ప్రయాణము. కాలినడకన పోవువానికి ఎడమ చేతి వైపున కడలి, కుడి చేతి వైపున తూర్పు కనుమలు, నడుమ ఇసుక నేలలు. చిలక సరస్సు దాటవలయును. ఋషికుల్య, బాహుద, మహేంద్రతనయ, వంశధార ఒకదాని తరువాత ఒకటి సముద్రములో కలియుచు దారికి అడ్డముగా నిలుచును. ప్రతి ఏటి మొగలోను పడవ కొరకు కనిపెట్టుకొని యుండవలయును. వైశాఖపుటెండలో ఇసుక నిప్పువలె కాలును. ఇసుకలో నడచువాడు ముందుకు వేసిన ప్రతి అడుగును కొంత వెనుకకు జారును. తీరమున నడచిన వారందరికిని ఈ కష్టము తెలియును.

ఆ దారిని మహాప్రభువులు కృష్ణనామమును గానము చేయుచు నడచిరి. విన్నవారు పనులు మాని వారి వెంటబడిరి. ప్రభువులు వారిని కొంత దూరము రానిచ్చి, కౌగిలించుకొని, ఇండ్లకు మరలించెడివారు. అట్లు మరలినవారు తమ ఊరిలో నామము పాడిరి. ఆ ఊరికి వచ్చిన పొరుగూరివారు విని తమ ఊరికి కొనిపోయిరి. వెంట నడచిన జనము ఎందరని చూచినచో ఆ యాత్రలో లెక్క చిన్నది. మరలి పోయిన జనము వలననే నామము దేశమంతట వ్యాపించినది. పాదయాత్ర చేయువారు ఈ సంగతిని చక్కగా గుర్తుంచుకొనదగును.

మెల్లగా నడచు స్వామి

శ్రీకూర్మము తెలుగువారి ప్రాచీన వైష్ణవ క్షేత్రములలో ఒకటి. శ్వేతపుష్కరిణి తీరమున స్వామి కూర్మరూపమున పశ్చిమాభిముఖుడై వెలసినాడు. ఆలయమునకు రెండు ధ్వజస్తంభములు కలవు. దశావతారములలో రెండవదగు కూర్మమునకు ఇంతటి ప్రధానాలయము మరియొక చోట కనుట అరుదు.

కూర్మావతారమును గూర్చి ఒక్క మాట. క్షీరసాగర మథనమున దేవతలును దానవులును తమ తమ బలములను చూపుచు లాగుచుండగా, మందరగిరి అడుగున ఆధారము లేక మునిగిపోయెను. అప్పుడు దానిని వీపున ధరించుటకు స్వామి ఎన్నుకొన్న రూపము తాబేలు. గరుడుడు వాహనముగా గల ప్రభువు, తలచిన క్షణమున ఎచ్చటికైన చేరగలవాడు, లోకమునకు భారము మోయవలసి వచ్చినప్పుడు మెల్లగా నడచు ప్రాణి శరీరమును ధరించెను. లాగువారికి వేగము కావలయును. మోయువానికి ఓర్పు కావలయును. మందనడకను లోకులు పరిహసింతురు. స్వామి దానిని తన అవతారముగా గైకొనెను.

భగవద్రామానుజులు తిరుమల కొండను పాదములతో త్రొక్కుటకు వెరచి మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము చెప్పును. ఆ మెట్లను నేటికిని మోకాళ్ళ పర్వతమనియే పిలుచుచున్నారు. యాత్రలో వేగము ఘనత యైనచో ఆచార్యులు అట్లు ఎక్కియుండరు.

ఉండుమన్న ఆజ్ఞ

శ్రీకూర్మమున స్వామిని సేవించిన మహాప్రభువులను కూర్ముడను పేరుగల వైదిక బ్రాహ్మణుడు తన ఇంటికి ఆహ్వానించెను. పాదములు కడిగి, ఆ తీర్థమును సకుటుంబముగా సేవించి, భోజనము పెట్టెను. పిదప తన మనసులోని మాట విన్నవించుకొనెను. సంసారపు అలలలో కొట్టుకొనుచున్న తనను కూడ వెంట గొనిపొమ్మని ప్రార్థించెను.

వాకిట నిలిచి కన్నీరు తుడుచుకొను ప్రతి గృహస్థుని మాటయు, ప్రతి ఇల్లాలి మాటయు ఇదియే. ఇల్లు విడిచి పోయినవారికే దేవుడు దక్కునను దిగులు అందున్నది.

మహాప్రభువులు అట్లు పలుకవలదని వారించిరి. ఇంటనే యుండి నిరంతరము నామము చేయుమనిరి. ఎవరు కనబడినను వారికి కృష్ణుని గూర్చి చెప్పుమనిరి. అట్లు చేసినచో సంసారపు అలలు అతనిని బాధింపవనియు, తమ సాంగత్యము ఆ ఇంటనే అతనికి మరల లభించుననియు అభయమిచ్చిరి. తాము ఇల్లు విడిచినవారై యుండియు గృహస్థుని ఇల్లు విడువుమనలేదు.

శబరి కథయందును ఇదియే కనబడును. గురువగు మతంగమహర్షి మాటను నమ్మి ఆమె పంపాతీరమున ఆశ్రమమును విడువక నిలిచెను. నడచి వచ్చినవాడు శ్రీరాముడు. గురువాక్యమును పట్టుకొని నిలిచినవారి కడకు దేవుడే యాత్ర చేయునని రామాయణము చూపినది.

వెనుదిరిగిన పాదములు

ఆ రాత్రి మహాప్రభువులు కూర్ముని ఇంట విశ్రమించి, ఉదయమున స్నానము చేసి బయలుదేరిరి. కూర్ముడు చాల దూరము వెంట నడచెను. ప్రభువులు అతనిని ఇంటికి మరలించి, ముందునకు సాగిరి. ఎదుట సింహాచలము, దానికావల గోదావరి.

ఆ ప్రాంతముననే వాసుదేవుడను బ్రాహ్మణుడు కలడు. అతనికి కుష్ఠువ్యాధి. దేహమంతయు పుండ్లు, పుండ్లలో పురుగులు. ఒక పురుగు నేల రాలినచో దానిని ఎత్తి మరల తన పుండులోనే ఉంచువాడట. తన దేహము తనకు ఉపయోగపడకున్నను మరియొక ప్రాణికి ఆహారమగుచున్నది గదా యని అతని తలంపు. తనను చూచి లోకులు ముక్కు మూసికొని తొలగుచుండగా, పురుగును కూడ తొలగనీయని దయ అతని హృదయమున నుండెను.

మహాప్రభువులు కూర్ముని ఇంటికి వచ్చిన వార్త అతని చెవిని రాత్రివేళ పడెను. ఉదయమున కూర్ముని వాకిటికి చేరునప్పటికి ప్రభువులు వెడలిపోయిరి. వాసుదేవుడు నేల గూలి విలపించెను. ఎంతటి నడక నడచి అతడచ్చటికి వచ్చెనో ఆలోచింపుడు. ఆరోగ్యవంతునికి అది కొద్దిపాటి దారి, అతనికది మహాయాత్ర. ఆ యాత్రకు ఫలము ఖాళీ వాకిలి.

అప్పుడు, ముందునకు సాగిన మహాప్రభువులు వెనుకకు మరలి వచ్చిరి. వచ్చి వాసుదేవుని కౌగిలించుకొనిరి. వ్యాధియు, దుఃఖమును రెండును అతనిని విడిచెననియు, దేహము సుందరమయ్యెననియు చరితామృతము చెప్పుచున్నది.

మహాప్రభువులు ఆ యాత్రలో గోదావరీతీరమున రామానందరాయలతో తత్త్వగోష్ఠి జరిపిరి. శ్రీశైల మల్లికార్జునుని, అహోబల నారసింహుని, తిరుమలేశుని, మంగళగిరి పానకాలస్వామిని, శ్రీరంగనాథుని దర్శించిరి. శ్రీశైలమునకు అహోబలమునకు నడుమ నల్లమల యున్నది. బేస్తవారిపేట వాసులు ప్రతి సాయంకాలమును ప్రొద్దు క్రుంకగా చూచు కొండలవి. మంగళగిరిలో వారి పాదముద్రలను నేటికిని భక్తులు సేవించుచున్నారు. ఆ పాదములు ముందునకు వేసిన అడుగులు లక్షలు. భక్తులు వారిని వాసుదేవునికి అమృతము నొసగిన ప్రభువని పిలుచుటకు కారణము వెనుకకు వేసిన ఆ కొన్ని అడుగులే.

వాసుదేవుని భయము

కథ అంతటితో ముగియలేదు. స్వస్థుడైన వాసుదేవునికి ఒక భయము పుట్టెను. నీచుడనై, అందరిచేత దూరము చేయబడి యున్నప్పుడే తన స్థితి మేలనియు, ఈ సుందరదేహముతో అహంకారము కలుగునేమో యనియు విన్నవించెను. రోగము పోయిన క్షణమున కూడ అతడు తన మనసులోని గోడను గూర్చియే చింతించెను. నిరంతరము నామము చేయుచు, ఇతరులకు చెప్పి వారిని ఉద్ధరించినచో అహంకారము దరిచేరదని ప్రభువులు ఉపదేశించి వెడలిరి.

ఆ పిదప అచ్చట మిగిలినవారు ఇరువురు. ఇంట నుండుమని ఆజ్ఞ పొందిన గృహస్థు కూర్ముడు. ఆలస్యముగా చేరిన వాసుదేవుడు. వారిరువురును ఒకరినొకరు కౌగిలించుకొని ప్రభువుల గుణములను తలచుకొని విలపించిరని గ్రంథము చెప్పును. దేహమును బాగుచేసిన కౌగిలి ఒక్కటియైనచో, ఊరిని బాగుచేసిన కౌగిలి రెండవది. పోవలెనని తపించి ఉండిపోయినవాడును, ఎవరును దరిచేరనీయనివాడును ఆ వాకిట సోదరులైరి.

కుష్ఠువ్యాధిని గూర్చి ఒక మాట ఇచ్చట చెప్పుట ధర్మము. అది పాపఫలమని, శాపమని లోకము చాల కాలము నమ్మినది. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దానికి కారణమగు సూక్ష్మజీవిని కనుగొనెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసెను. నేడది రోగస్థితిని బట్టి 6 లేక 12 మాసములు మందులు సేవించినచో నయమగు వ్యాధి. ఆ మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా లభించును. దేహరోగమునకు వైద్యుడున్నాడు. రోగిని చూచి తొలగిపోవు మనసునకు పట్టిన రోగమునకు మాత్రము వాసుదేవుని కథయే ఔషధము. భజనగోష్ఠిలో దూరముగా కూర్చుండబెట్టుట, ప్రసాదపంక్తిలో చివరకు నెట్టుట, నీటికుండను ముట్టనీయకుండుట - వీనిలో ఏదియైన మిగిలియున్నంతవరకు ఆ యాత్ర ఇంకను మొదలు కాలేదనియే తెలియవలయును.

ఒక దినపు నడక

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. సాయంకాలమైనది. బేస్తవారిపేట నుండి వేకువన కదలిన గుంపులో ముందువారు గిద్దలూరు చేరిరి. మరునాడు కనుమ ఎక్కవలయును. ఆకలి, అలసట, పాదములలో బొబ్బలు. చివరివారు ఇంకను రాలేదు. శాస్త్రము తెలిసినవారును, తెలియనివారును ఆ క్షణమున సమానులే. ఎవడు లేచి వెనుకకు పోవునో వాడే ఆ దినము యాత్ర చేసినవాడు.

గజేంద్రుని కథ తెలుగు ఇండ్లలో పిల్లలకును తెలియును. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు ఒక్క అడుగైన వేయలేక మొరవెట్టెను. అప్పుడు స్వామి లక్ష్మీదేవికైన చెప్పక పరుగున వచ్చెను. కాలు కదలనివాని కొరకు వైకుంఠమే కదలి వచ్చినది. అట్టి స్వామిని చూడబోవువారు, కాలు కదలని తోటివానిని దారిలో విడిచిపోయినచో, సన్నిధిలో ఏ ముఖముతో నిలుతురు?

కావున పాదయాత్ర చేయు గోష్ఠులు కొన్ని నియమములు పాటించుట మేలు. గుంపునకు ముందు నడచు పెద్ద యొకరున్నట్లే, చివర నడచు పెద్ద యొకరు తప్పక యుండవలయును. దృఢమైన కాళ్ళున్నవారే ఆ చివరి స్థానమును గౌరవముగా స్వీకరింపవలయును. ఒక దినము ఎంత దూరము నడువవలయునో మెల్లగా నడచువారిని బట్టి నిర్ణయింపవలయును. చివరివాడు చేరువరకు విస్తరి వేయరాదు. ఇన్ని దినములలో చేరితిమని చెప్పుకొనుట మాని, ఇందరము కలిసి చేరితిమని చెప్పుకొనవలయును.

ఇంట ఉండిపోయిన వారికిని ఈ యాత్రలో భాగము కలదు. మంచమున నున్నవారికి గంజి పోయుచు నామము చేయు కోడలు కూర్ముడు పొందిన ఆజ్ఞనే పాటించుచున్నది. మరలి వచ్చినవారు ప్రసాదమును చేతిలో పెట్టి ఊరకుండరాదు. ఆమె ఎదుట కూర్చుండి, ఏ చెట్టునీడన ఆగిరో, ఏ ఊరివారు మజ్జిగ పోసిరో, కనుమలో తెల్లవారునప్పుడు ఏమి కనిపించెనో వివరముగా చెప్పవలయును. వినినంతమేర ఆమెయు నడచినట్లే యగును. చెప్పువారికి తాము నడచిన దారి అప్పుడే పూర్తియగును.

గిద్దలూరు విడిదిలో విస్తళ్ళు వేయుటకు సిద్ధమగుచుండగా ఒక యువకుడు టార్చిలైటును, నీటిసీసాను తీసికొని మరల రోడ్డెక్కుననుకొనుడు. చీకటిలో కర్రపోటు చప్పుడు వినబడును. 'అవ్వా, నేనున్నాను, మెల్లగా రమ్ము' అని చేయి పట్టుకొనును. ఆ వెనుకటి మైలులో అతడు సేవించిన స్వామి, మరునాడు కొండమీద సేవింపబోవు స్వామికి వేరు కాడు.

శ్రీకూర్మనాథుడును, మార్కాపుర చెన్నకేశవుడును, అహోబల నారసింహుడును యాత్రికులకు ముందు నడచు బలమును, వెనుదిరుగు దయను ప్రసాదింతురు గాక.